చెంబెడు నీళ్లు, రెండు రొట్టెలు

నాకు ఆకలైతే కోపం వస్తుంది. పుట్టుకతో వచ్చిన గుణం ఇది. పాలకు ఏడ్చే వయసులోనే నేను ఏడుపుకన్నా ముందు పిడికిళ్లు బిగించేదాన్నని మా అమ్మ నలుగురిలో చెప్పి నవ్వేది. అందుకే కాబోలు, ఉద్యోగం వచ్చిన మొదటి ఊరు తలుచుకుంటే నాకు ముందుగా బడి గుర్తుకు రాదు, పిల్లలూ గుర్తుకు రారు. ఎక్కడ ఏం తిన్నాను, ఎక్కడ ఏం తాగాను, ఏ గడప దగ్గర్నుంచి తినకుండా తిరిగొచ్చాను, అదే గుర్తుకొస్తుంది.

నాందేడ్ నుంచి భోకర్ పోయే రోడ్డుకు పక్కనున్న చిన్న బజారు ఊరు అది. నేను చేరింది డెబ్బైల మొదట్లో, కరువు రెండో ఏడు. బస్సు ఆగితే మనుషులకన్నా ముందు దుమ్ము దిగేది. బావుల మీద గిరకలు తిరగడం మానేశాయి. ఇంజను వేడెక్కిందని డ్రైవరు ఖాళీ డబ్బా పట్టుకుని కిందికి దిగితే, బస్‌స్టాండు దగ్గరున్న జనమంతా ఏదో పని గుర్తొచ్చినట్టు మాయమయ్యేవారు. మూడో తరగతి పుస్తకంలో ఎడారి పాఠం ఉంది, పక్కన ఒంటె బొమ్మ ఉంది. నేను పాఠం చెప్తుంటే పిల్లలు కిటికీ బయటికి చూసి, మన ఊరికి ఒంటె ఎప్పుడొస్తుందని అడిగారు. ఎగతాళికి అడగలేదు వాళ్లు. నిజంగానే ఎదురు చూస్తున్నారు.

మాది అక్కడికి ఐదు కోసుల దూరంలో, తెలుగు మాట్లాడే పల్లె. పల్లెకు బయట, విడిగా ఉండే వాడ మాది. గుంటెడు భూమి లేదు. మా అమ్మ ఇతరుల చేలలో కలుపు తీసి, కోతలు కోసి నన్ను చదివించింది. చేలు ఎండిపోయాక సర్కారు పెట్టిన కరువు పనిలో కంకర కొడుతోంది. మా వాడలో నెలజీతం మొహం చూసే మొదటి మనిషిని నేను. ఈ ఉద్యోగం పోతే సుత్తి పట్టుకుని అమ్మ పక్కన కూర్చోవాల్సిందే, అందులో దాపరికం లేదు. ఉద్యోగం నిలవాలంటే ఆ ఊళ్లో నేను ఉండగలగాలి, ఉండాలంటే ముందు నాకు తిండి దొరకాలి.

గది ఇచ్చింది ఒక ముసలి ముస్లిం అమ్మ. మీరెవరని అడగలేదు, ఎందుకు ఒంటరిగా వచ్చావని అడగలేదు. ఒకే ఒక్క షరతు పెట్టింది: గదిలో పొయ్యి ముట్టించొద్దు. పైనున్నది గడ్డి కప్పు. నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్లెక్కడివి అంది. ఒప్పుకున్నాను. ఆమె కొడుకింట్లో తినేది. నేను తిండి వెతుక్కుంటూ బజారున పడ్డాను.

బస్‌స్టాండు హోటల్లో పొద్దున్నే ఉప్మా, భజియాలు, చాయ్. ఆ వాసన బడిదాకా వచ్చి పిల్లల్నీ నన్నూ కలిపి ఏడిపించేది. చేరిన మొదటి రోజే ధైర్యం చేసి పోయాను. లోపల బల్లలు, గాజు గ్లాసులు. బయట పిట్టగోడ మీద చెవులు విరిగిన పింగాణీ కప్పులు మూడు విడిగా బోర్లించి ఉన్నాయి. అవి ఎవరికోసమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మ బజారుకు పోయిన ప్రతిసారీ అలాంటి కప్పులోనే తాగి, తనే కడిగి, మళ్లీ బోర్లించి వచ్చేది. హోటలతను నన్నేమీ అడగలేదు. అడగకముందే నేను తిరిగొచ్చేశాను. ఆ పూట ఎక్కాలు తప్పు చెప్పిన పిల్లలు నా చేతిలో పడ్డారు, పాపం.

నాకంత పట్టుదల ఎందుకంటే, నన్ను చెడగొట్టింది నాందేడ్. టీచరు ట్రైనింగు చదివిన రెండేళ్లూ అక్కడ హాస్టల్లో ఉన్నాను. హాస్టల్లో వంట లేని పూట ఆడపిల్లలమంతా గురుద్వారాకు పోయి, వచ్చిన అందరికీ ఊరికే పెట్టే లంగరు భోజనానికి కూర్చునేవాళ్లం. ఒకటే వరుస, ఒకటే పప్పు గిన్నె, ఒకటే గరిటె. పక్కన కూర్చున్నది ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు అక్కర్లేదు. రొట్టె వేసే పెద్దాయన రెండు చేతులూ చాపమని మాత్రం కసిరేవాడు, అందరినీ ఒకే రకంగా. ఒకసారి అట్లా తిన్నాక చెవి విరిగిన కప్పులో చాయ్ ఇక గొంతు దిగదు.

మిగిలినవి రెండు చోట్లు. ఒకటి శేవ్, అటుకుల చూడ్వా లాంటి చిరుతిళ్లు అమ్మే దుకాణం. అక్కడ కాగితం పొట్లంలో కట్టి ఇస్తారు, కాగితానికి ఏ పట్టింపూ లేదు. కానీ పూటపూటా కారపు శేవ్ తింటే కడుపు ఊరుకుంటుందా? పైగా దాహం, ఆ దాహానికి నీళ్లు లేవు. రెండోది మసీదు పక్కన చాయ్ హోటలు. ఒక మూల ఆడవాళ్ల కోసం పరదా కట్టి ఉండేది. బస్సు మారే ఆడవాళ్లంతా ఆ పరదా వెనక కూర్చుని అందరితో సమానమైన కప్పుల్లో చాయ్ తాగేవారు. మాహూర్ దేవికి మొక్కుకుని పోయే తెలంగాణ ఆడవాళ్లు కొందరు మాత్రం మొక్కు చెడుతుందని వాసన పీల్చి ఊరుకునేవారు. పాలు తక్కువ, పొడి ఎక్కువ, తీపికి ఏది దొరికితే అది. అయినా అంత మంచి చాయ్ నేను మళ్లీ తాగలేదు. కాకపోతే ఆ హోటలు సాయిబు అన్నం వండేవాడు కాదు. బియ్యం కడిగే నీళ్లుంటే ఇంకో పది చాయ్‌లు కాస్తాను కదా అనేవాడు.

ఇట్లా మూడు రోజులు శేవ్, చాయ్ మీద బతికాక, నాలుగో రోజు మౌశి ఖానావళి ముందు నిలబడ్డాను.

మౌశి అంటే మరాఠీలో పిన్ని. ఊరంతా ఆమెను అట్లాగే పిలిచేది. తెలుగు రైతింటి మనిషి. భర్త పోయి, చేను ఎండి, ఇంటి ముందు వసారాలో ఇంత పిట్ల, ఇంత రొట్టె పెట్టే ఖానావళి నడుపుకుంటోంది. పొట్టిగా ఉండేది, నోరు మాత్రం చాలా పొడుగు. వచ్చినవాళ్లు తలాఠీ అయినా సరే, అడ్తి సేటు అయినా సరే, గడప దగ్గరే ఆపి ఒకటే మాట అడిగేది. నన్నూ అదే అడిగింది.

"నీళ్లు తెచ్చినవా?"

లేదన్నాను. తెచ్చుకొమ్మని వెనక్కి పంపింది. ఊరికి ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది, అదీ దానికి మనసు పుడితేనే. కాబట్టి ఎవరి చెంబు నీళ్లు వాళ్లు తెచ్చుకుంటే తప్ప మౌశి దగ్గర భోజనం లేదు. గది ఇచ్చిన ముసలమ్మ కుండలోంచి చెంబెడు అడిగి తెచ్చుకున్నాను. మగవాళ్ల వరుసలో ఆడమనిషి కూర్చోవడం అక్కడ ఎప్పుడూ లేదని, గోనె పరదా ఇవతల, వంటింట్లో పొయ్యి పక్కన నాకు పీట వేసింది.

రొట్టెలు రెండు, ఎర్రజొన్నవి. కంట్రోలు దుకాణంలో రేషను మీద ఇచ్చే ఆ జొన్నలు అమెరికా నుంచి ఓడల మీద వచ్చాయనేవారు. రొట్టె చేస్తే ఇటుక రంగు, చల్లారితే ఇటుక గట్టిదనం కూడా. మౌశి మాత్రం మరిగే ఎసరు పిండిలో పోసి, అరచేతి మొదలుతో రుద్ది రుద్ది, అంచు పగలకుండా తట్టేది. ఆ రొట్టె మీద పిట్ల, అంటే శనగపిండి ఉడికించిన చిక్కటి కూర. పక్కన నూరిన పచ్చిమిర్చి, చితక్కొట్టిన ఉల్లిగడ్డ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిర్చి వల్ల అని చెప్పాను.

మీరెవరని మౌశి అడగలేదు. పెద్ద మాస్టారుకు తెలుసు, బడి రిజిస్టరులో ఉంది కదా. ఆయన అవసరానికి కూడా నోరు విప్పే మనిషి కాదు. ఊళ్లో మిగతావాళ్లు నన్ను నాందేడ్ పంతులమ్మ అనుకున్నారు. మౌశి అడిగితే చెప్పేద్దామని నేను మొదటి రోజు నుంచీ సిద్ధంగా ఉన్నాను. అబద్ధం ఆడే ఉద్దేశం నాకు లేదు. అడగకపోతే మాత్రం నా అంతట నేను చెప్పదలచుకోలేదు. రొట్టె విరిచిన ప్రతిసారీ, ఇవాళ అడుగుతుందేమో, ఈ పొయ్యి కూడా నాకు ఇవాళ్టితో ఆరిపోతుందేమో అని గుండె దడదడలాడేది. రెండో రొట్టె అయిపోయాక గానీ ఆ దడ తగ్గేది కాదు.

ఆ దడతోనే రెండు నెలలు హాయిగా తిన్నాను. నవ్వకండి, రెండూ నిజమే. పరదా అవతల మగవాళ్ల మాటలు వినడం నాకు సినిమాతో సమానం. వరుసలో మొదట కూర్చునేది అడ్తి సేటు, గింజల వ్యాపారి. భార్య పుట్టింట్లో నీళ్లున్నాయని పిల్లలతో అక్కడికి వెళ్లిపోతే, ఆయన మౌశి రొట్టె మీద బతుకుతున్నాడు. ఆయన పక్కన తలాఠీ, ఊరి భూముల కాగితాలు రాసే సర్కారు మనిషి. రోజూ ఇద్దరికీ ఒకటే గొడవ, ఎవరి నీళ్లు మంచివని. సేటు ఇంటి వెనక పాత బావి అడుగున ఇంకా నాలుగు చెంబుల ఊట మిగిలి ఉంది. ఆ నీళ్లు కొబ్బరినీళ్లని ఆయన, ఒట్టి ఉప్పునీళ్లని తలాఠీ. దేశంలో ఇంకే సమస్యా లేనట్టు భోజనమంతా అదే నడిచేది.

ఒక సోమవారం బడికి సెలవు వచ్చింది. తోచక పదకొండు గంటలకే ఖానావళికి పోయాను. మౌశి లేదు. ట్యాంకరు వస్తోందని ఎవరో అంటే బిందెలు తీసుకుని పరుగెత్తిందట. వంటింట్లో పొయ్యి రాజుకుని ఉంది, పిండి జల్లించి ఉంది, గంగాళం మాత్రం ఖాళీ. ఇంకో గంటలో మగవాళ్లు వచ్చేస్తారు. ఎసరు పెట్టి ఉంచితే ఆమెకు సాయంగా ఉంటుంది కదా అనుకున్నాను. నీళ్ల కోసం వెతుకుతూ పరదా దాటి వసారాలోకి వచ్చాను. అక్కడ గోడ వారగా పొడవాటి బల్ల, బల్ల మీద మూతలు పెట్టిన తొమ్మిది చెంబులు. పనులకు పోతూ పోతూ పొద్దున్నే ఎవరి చెంబు వాళ్లు పెట్టి పోయారు.

మా వాడలో ఎండాకాలం వచ్చిందంటే వాగులో చెలిమ తోడుకోవడమే. ఎవరు తోడినా, ఎంత తోడినా, తెచ్చి వాడ నడుమనున్న పెద్ద గంగాళంలో పోయాలి. అందులోంచి ముందు పిల్లలకు, తర్వాత ముసలివాళ్లకు, తర్వాత వంటలకు. నా నీళ్లు, నీ నీళ్లు అనే మాట నేను పుట్టి ఎరగను. మౌశి అందరినీ నీళ్లు అడిగేది కూడా అందుకే అనుకున్నాను. తాగడానికి గుక్కెడు చాలు, చెంబెడు వంటకు కాకపోతే ఇంకెందుకు అడుగుతుంది?

మూతలు తీసి తొమ్మిది చెంబులూ గంగాళంలో ఒంపేశాను. నా చెంబు కూడా ఒంపాను. దాంట్లోంచి ఎసరు పెట్టాను, పిండి కలిపాను, పిట్లకు నీళ్లు పోశాను. చెంబులన్నీ శుభ్రంగా తుడిచి బల్ల మీద బోర్లించి, మెచ్చుకుంటుందని ఎదురు చూస్తూ కూర్చున్నాను.

మౌశి ఖాళీ బిందెలతో వచ్చింది. ట్యాంకరు రాలేదు. బోర్లించిన చెంబులు చూసి వసారాలోనే ఆగిపోయింది.

ఎవరు ఒంపారని అడిగింది. నేనే అన్నాను. ఆమె బిందెలు దించి, బల్లకు ఆనుకుని నేల మీద కూలబడింది. అప్పుడు చెప్పింది సంగతి. వంటకు నీళ్లు మౌశివి, ఆమె చేతి వంట అందరికీ పనికొస్తుంది. చెంబు నీళ్లు తాగడానికి, ఎవరివి వాళ్లకే. సేటు చెంబు తలాఠీ ముట్టినా సేటు ఆ నీళ్లు తాగడు. తలాఠీ తన పక్కవాడి చెంబు ముట్టడు. బల్ల మీద ఏ చెంబు మొదట ఉండాలో, ఏది చివర ఉండాలో ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

"ఈ సంగతి బయట పడ్డదంటే రేపటి సంది నా పొయ్యి ముట్టది, పంతులమ్మా" అంది మౌశి. "ఇగ నువ్వు నోరు మూసుకో. నేను గూడ మూసుకుంట."

వేరే దారి కూడా లేదు. ఊళ్లో ఇంకో చుక్క దొరకదు. ఇద్దరం కూర్చుని గంగాళంలో మిగిలింది గరిటెతో కొలిచి తొమ్మిది చెంబుల్లో సమానంగా పోశాం. సగానికి కాస్త పైకి వచ్చాయి. మూతలు పెట్టి, ఏది ఎవరిదో మౌశి గుర్తుపట్టి వరుసలో సర్దింది.  

మగవాళ్లు వచ్చారు. చెంబు తగ్గిందేమని సేటు అడిగితే, ఎండకు ఆవిరైందని మౌశి చెప్పింది. ఈ ఎండకు బావులే ఆవిరయ్యాయి, చెంబు ఎంత అని తలాఠీ ఆమెకు సాయం వచ్చాడు. రొట్టెలు పడ్డాయి, పిట్ల పడింది. పరదా ఇవతల మేమిద్దరం గోనె సందులోంచి చూస్తూ నిలబడ్డాం. సేటు చెంబెత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"గిదీ నీళ్లంటే" అన్నాడు సేటు. "మా బాయి నీళ్ల రుచి ఇంకెవ్వని నీళ్లకు రాదు."

తలాఠీ తన చెంబు తాగి, నిజానికి ఇవాళ నా నీళ్లు మరీ తియ్యగా ఉన్నాయన్నాడు. చివరన కూర్చున్నాయన కూడా తన నీళ్లను మెచ్చుకున్నాడు. తొమ్మిదిమందీ ఒకటే నీళ్లు తాగి, ఎవరి నీళ్లు గొప్పవని దెబ్బలాటకు దిగారు. మౌశి కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది. నేను నవ్వాపుకోలేక పిండి డబ్బా మీద బోర్లా పడ్డాను. నా జీవితంలో అంత నవ్వు మళ్లీ నవ్వలేదు.

ఆ నవ్వు నడుమనే నాకు లెక్క గుర్తొచ్చింది. గంగాళంలో ఉన్నవి తొమ్మిది చెంబులు కాదు, పది. పదోది నాది. తొమ్మిది కలిశాయని తెలిస్తేనే మౌశి పొయ్యి ఆరిపోయేట్టుంటే, నా చెంబు సంగతి తెలిస్తే ఏమవుతుంది? ఇన్నాళ్లూ నేను చెప్పకపోవడం నా ఒక్కదాని తిండికి సంబంధించింది. ఇప్పుడది ఆమె బతుకుదెరువుకు చుట్టుకుంది. తెలియకుండా ఆమెను అందులో దించి, నేను మాత్రం దాచుకుని రొట్టె తినడం నా వల్ల కాలేదు.

మగవాళ్లు వెళ్లిపోయాక చెప్పాను. ఏ ఊరో, ఊళ్లో ఏ వాడో, అంతా చెప్పాను. నువ్వు అడగలేదు కాబట్టి చెప్పలేదన్నాను. మౌశి పొయ్యిలో నిప్పులు కూడదీస్తూ తల ఎత్తకుండా విన్నది.

"అడిగితే నువ్వు జెప్తువు" అంది. "జెప్తే నేను ఇనాలె. ఇంటే ఏదో ఒకటి జేయాలె. అందుకే అడగలే."

ఆ మాటకు నాకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. అంటే ఆమె మొదటి నుంచీ ఊహించింది. ఊహించే రొట్టె పెట్టింది, నా పక్కనే కూర్చుని తన రొట్టె తిన్నది. కానీ వినపడనంతవరకే నేను ఆ పీట మీద. ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తే నేనెప్పుడూ కోపాన్నే నమ్ముకుంటాను.

"ఇప్పుడు ఇన్నవ్ గద" అన్నాను. "ఏం జేస్తవ్?"

మౌశి నిప్పుల మీద బూడిద కప్పింది.  నేను నా చెంబు తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత ఐదు రోజులు మళ్లీ శేవ్, చాయ్. ఈసారి కడుపు మొదటి రోజే ఎదురు తిరిగింది. మూడో రోజు నల్లబల్ల మీద రాస్తుంటే అక్షరాలు ఈదడం మొదలుపెట్టాయి. పెద్ద మాస్టారు ఆ ఏడాదికంతా కలిపి ఒక్క మాట మాట్లాడాడు, కూర్చోమ్మా అని. పరదా చాటున చాయ్ తాగుతూ లెక్క వేసుకున్నాను, ఇట్లా ఇంకెన్ని రోజులు నిలబడగలనని. శనివారం సాయంత్రం కూర్చుని రాజీనామా కాగితం రాశాను. సోమవారం ఇద్దామని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. మౌశి నా కోసం వస్తుందేమోనని ఆ ఐదు రోజులూ గది తలుపు తెరిచే ఉంచాను. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం బజారు రోజు. కరువు పనికి సెలవు. పొద్దెక్కాక మా అమ్మ వచ్చింది, ఐదు కోసులు నడిచి. వెంట్రుకల నిండా తెల్లటి రాతి దుమ్ము. కొంగున చిన్న మూట, కరువు పనిలో పంచే సుకడి అనే తీపిపిండి, తను తినకుండా నాకోసం దాచింది. నెత్తి మీద ఒక కుండ, కుండ మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. ఈ ఊళ్లో నీళ్లు లేవని విని, మా చెలిమ నీళ్లు మోసుకొచ్చింది.

నన్ను చూడగానే ఎందుకు ఇంత చిక్కావని అడిగింది. చెప్పకుండా ఉండలేకపోయాను. కప్పుల సంగతి, చెంబుల సంగతి, మౌశి అన్న మాట, జాకెట్లో కాగితం, అంతా చెప్పాను. తొమ్మిదిమంది నీళ్ల దెబ్బలాట చెప్పినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాగితం మాట చెప్పినప్పుడు నవ్వలేదు. చాలా మెల్లగా అంది.

"ఆ గోడ మీది కప్పులనే తాగరాదు, బిడ్డా? నేను తాగుతలేనా?"

ఆ మాట నన్ను కాల్చింది. ఆమె మీద కోపం కాదు. ఆమెకు అంత సులువుగా ఆ మాట ఎట్లా వచ్చిందో దాని మీద. లే పోదాం అన్నాను. ఎక్కడికి అంది. అన్నానికి అన్నాను. కాదంటే మౌశి నా మొహం మీదే అనాలి, మా అమ్మ మొహం మీదే అనాలి, ఆ తర్వాతే నేను కాగితం ఇస్తాను. అమ్మ వద్దు వద్దంటూనే కుండ నెత్తిన పెట్టుకుని నా వెనక వచ్చింది.

మేం పోయేసరికి మగవాళ్లు వరుసలో కూర్చుని ఉన్నారు, రొట్టెలు ఇంకా పడలేదు. అమ్మ మెట్టు కింద ఆగిపోయింది. కుండ దించి పక్కన పెట్టి, కొంగు చాపి నిలబడింది. ఎవరి గడప ముందైనా ఆమె నిలబడే తీరు అదే. వసారాలో తలలన్నీ మావైపు తిరిగాయి. ఆ దుమ్ము, ఆ కొంగు చూశాక మేమెవరమో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిండి చేతులతో మౌశి పరదా తీసుకుని బయటికి వచ్చింది. నన్ను చూసింది. అమ్మను చూసింది. నేను అనాల్సిన మాటలన్నీ నోటి చివర పెట్టుకుని ఉన్నాను.

"నీళ్లు తెచ్చినవా?" అంది మౌశి.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది, వేరే ఎవరినో అడిగిందనుకుని. వెనక ఎవరూ లేరు. నా వైపు చూసింది. 

"నిన్నే. తెచ్చినవా?"

"తెచ్చిన" అంది అమ్మ.

"అయితే లోపటికి తెచ్చి గంగాళంల పొయ్యి. ట్యాంకరు రాలే, పిండి కలుపుడు ఆగింది."

అమ్మ కుండ ఎత్తుకుంది. మెట్టెక్కింది. మగవాళ్ల వరుస ముందునుంచి, గోడకు ఒదిగి ఒదిగి నడిచి, పరదా దాటి, వంటింట్లో గంగాళం ముందు నిలబడి కుండ వంచింది. కుండ ఒక పక్కకు జారి కాసిన్ని నీళ్లు కింద పడ్డాయి. నింపాదిగా పోయలేవా, నీళ్లనుకున్నావా ఏమనుకున్నావని మౌశి తిట్టింది. రోజూ అందరినీ తిట్టే తిట్టే అది.

వసారాలో సేటు లేచి నిలబడ్డాడు. ఈ నీళ్లతో చేసిన రొట్టె తను తినడని, ఇన్నాళ్లూ తన చెంబు విడిగా ఉంది కాబట్టే ఇక్కడ కూర్చున్నానని అన్నాడు. మౌశి పరదా పూర్తిగా పక్కకు లాగి మేకుకు తగిలించింది.

"నీ చెంబు పోయిన సోమారమే అందరి చెంబులల్ల కలిసింది, సేటు" అంది. "గీ పంతులమ్మ చెంబు గూడ అండ్లనే ఉండె. మస్తున్నయని నువ్వే అంటివి."

 ముందుగా నవ్వింది తలాఠీ. ఆ నవ్వు ఆపడానికి ఆయనకు చాలాసేపు పట్టింది, పైగా తన నీళ్లే తియ్యగా ఉన్నాయని ఆ రోజు తనూ అన్న సంగతి గుర్తొచ్చి మధ్యలో దగ్గొచ్చింది. సేటు చెంబు తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు లేచి పోయారు, వాళ్లు మళ్లీ ఎన్నడూ రాలేదు. మౌశి పొయ్యికి ఆ ఇద్దరి లోటు వానలు పడేదాకా తీరలేదు, అది నేను కళ్లారా చూశాను. సేటు మాత్రం మూడో రోజు వచ్చాడు. శేవ్ ఆయన కడుపుకూ పడలేదు. వచ్చి, ఏమీ జరగనట్టు గడప దగ్గర నిలబడితే, మౌశి కూడా ఏమీ జరగనట్టు నీళ్లు తెచ్చినవా అని అడిగింది. చెంబు తనే తీసుకుపోయి గంగాళంలో పోసింది. ఆయన ఆ వైపు చూడకుండా గోడ మీద బల్లిని చూశాడు. ఆ తర్వాత ఆ వసారాలో ఎవరి నీళ్లు గొప్పవనే గొడవ మళ్లీ వినలేదు. భోజనం కొంచెం చప్పబడింది, నిజం చెప్పాలంటే.

ఆ ఆదివారం మాత్రం ముగ్గురు లేచిపోయిన చోట ఖాళీ ఉంది. మౌశి అక్కడ రెండు పీటలు వేసింది, వంటింట్లో కాదు, వసారాలో, వరుసలో. అమ్మ కూర్చోలేక కూర్చుంది, మోకాళ్లు రెండూ దగ్గరికి లాక్కుని. రెండు రొట్టెలు పడ్డాయి, ఇటుక రంగువి, వేడివి. సుకడి మూట విప్పి అమ్మ అందరికీ తలా కాస్త పెట్టబోయి, భయపడి ఆగిపోయింది. తలాఠీ చెయ్యి చాపాడు. ఆయన చాపాక మరో ఇద్దరు చాపారు. మిగతావాళ్లు తమ రొట్టె తాము చూసుకున్నారు. మౌశి మాత్రం సుకడి నోట్లో వేసుకుని, చక్కెర తక్కువైందని వంక పెట్టింది.

తోవలో తినడానికి ఇంకో రెండు రొట్టెలు ఇచ్చింది. చుట్టడానికి ఏమీ లేకపోతే జాకెట్లో కాగితం తీసి అందులో చుట్టాను. రాజీనామా ఉన్న వైపే రొట్టెకు అంటుకుంది.

పొద్దు వాలకముందే అమ్మను సాగనంపడానికి ఊరి చివరిదాకా పోయాను. ఖాళీ కుండ చంకన పెట్టుకుని అమ్మ ముందు నడుస్తోంది. రొట్టె ఎట్లా ఉందని అడిగాను. ఎర్రరొట్టె మన ఇంట్లో లేదా అంది. పిట్ల ఎట్లా ఉందని అడిగాను. కారం ఎక్కువైందంది. బస్‌స్టాండు హోటలు దాటాం, గోడ మీది కప్పులు దాటాం. అమ్మ వాటి వైపు చూడలేదు. ఊరి చివర మట్టి తోవ మొదలయ్యే చోట ఆగి నా వైపు తిరిగింది.

"నన్ను నీళ్లు అడిగింది, బిడ్డా" అంది.